పన్నెండేళ్ళుగా టీవీలో చిన్న లీగులు చూస్తున్నోడి రివ్యూ

మా ఇంట్లో స్పోర్ట్స్ ప్యాక్ వేయించింది క్రికెట్ కోసం కాదు అంటే ఎవరూ నమ్మరు. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు నాన్న కోసం వేయించా, ఆయన కుర్రతనంలో ఊళ్ళో చెడుగుడు ఆడినోడు, పైగా మా వైజాగ్ పేరు మీదే తెలుగు టైటాన్స్ టీం వచ్చింది, ఇంకేం కావాలి. అప్పట్నుంచి వాలీబాల్, ఖోఖో, హాకీ, ఫుట్‌బాల్ అని చిన్నా చితకా లీగ్ ఏది కనబడినా వదల్లేదు. ఆటల గురించి అందరూ రాస్తారు కాబట్టి అవి టీవీలో ఎలా వస్తాయి, ఎందుకు మాయమవుతాయి అన్నదాని మీదే నా రివ్యూ.

కబడ్డీతో నాకు పెద్దగా కంప్లైంట్ లేదు. లీగ్ నడిపే మషాల్ స్పోర్ట్స్‌లో 74 శాతం వాటా 2015లోనే స్టార్ కొనేసింది, 2021లో టీవీ హక్కులు వేలం వేస్తే మళ్ళీ స్టారే ఐదేళ్ళకి 908 కోట్ల చిల్లర పెట్టి తీసుకుంది. సొంత చేనుకి నీళ్ళు పెట్టుకోకుండా ఎవడుంటాడు చెప్పండి, అందుకే కెమెరాలు, రీప్లేలు, టైమింగ్ అన్నీ పక్కాగా ఉంటాయి. 2018 డిసెంబర్‌లో స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు వచ్చింది, అంతవరకు సౌండ్ తీసేసి చూసే నాన్న అప్పట్నుంచి సౌండ్ పెంచి మరీ కామెంటేటర్‌తో గొడవ పెట్టుకుంటున్నాడు. టైటాన్స్ ఒక సీజన్‌లో 22 మ్యాచ్‌లాడి ఒక్కటంటే ఒక్కటే గెలిచారు, ఆ సీజన్ కూడా మొత్తం చూశాం, అది వేరే బాధ.

మిగతా చిన్న లీగుల్లో చాలావాటికి డబ్బు రివర్స్‌లో నడుస్తుంది. ఛానల్ లీగ్‌కి ఇవ్వదు, లీగే ఛానల్‌కి కట్టి టైం కొనుక్కుంటుంది, కెమెరాలు, స్టేడియం దగ్గర్నుంచి లైవ్ పంపే ఓబీ వ్యాన్, కామెంటరీ ఖర్చు కూడా నిర్వాహకులదే. పొద్దున్నే నొప్పుల నూనె అమ్మేవాళ్ళు గంటసేపు స్లాట్ కొనుక్కుంటారు చూశారా, అదే పద్ధతి. ఎవరూ చూడకపోయినా ఛానల్‌కి పోయేదేం లేదు కాబట్టి ప్రోమో వేయరు, టైం మారినా చెప్పరు. ఇది తెలిశాక నాకు సగం కోపం తగ్గింది గానీ ఒకటి మాత్రం మర్చిపోలేను. ఒక లీగ్ సెమీఫైనల్, ఏ లీగో వదిలేయండి, టిఫిన్ ప్లేట్ పట్టుకుని కూర్చున్నా, స్క్రీన్ మీద పాత టెన్నిస్ మ్యాచ్ వస్తోంది, కింద స్క్రోలింగ్ కూడా లేదు. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తే "పక్క ఛానల్‌కి మార్చారన్నా, అది మీ ప్యాక్‌లో లేదు" అన్నాడు. యాడ్ చేయించి, బాక్స్ ఆపి, ఆన్ చేసేసరికి ప్లేయర్లు షేక్‌హ్యాండ్లు ఇచ్చుకుంటున్నారు.

వాలీబాల్ సంగతి బాబాయ్‌ని అడగాలి. 2019లో సోనీలో ప్రో వాలీబాల్ వస్తే ఎగిరి గంతేశాడు, ఒక్క సీజన్ అయ్యిందో లేదో ఫెడరేషన్‌కీ నిర్వాహకులకీ చెడి ఆగిపోయింది. 2022లో ప్రైమ్ వాలీబాల్ అని కొత్త పేరుతో, కోవిడ్ వల్ల జనం లేని గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో మొదలైంది. సెట్ 25 కాదు 15 పాయింట్లకే, పైగా టీం సూపర్ పాయింట్ అని అడిగితే ఆ ఒక్క ర్యాలీకి రెండు పాయింట్లు. "ఏటిరా ఇది, అప్పుడే అయిపోనాదేటి" అని బాబాయ్ గోల, టీవీ స్లాట్‌లో పట్టాలి కదా బాబాయ్ అంటే వినడు. ఆయన టీవీలో, నేను యాప్‌లో చూస్తుంటా, యాప్ అర నిమిషం వెనక నడుస్తుంది, నా ఫోన్‌లో ఇంకా సర్వీస్ చేస్తుంటేనే ఆయన ఫోన్ చేసి "పోయింది రా" అంటాడు. ఆ అర నిమిషానికి నా రేటింగ్‌లో ఒక స్టార్ కట్.

ఖోఖోకి కెమెరా వాళ్ళు ఇంకా అలవాటు పడలేదనిపించింది. 2022 అల్టిమేట్ ఖోఖో ఫైనల్లో మన తెలుగు యోధాస్ ఒడిశా చేతిలో 46-45తో ఓడిపోయారు, అంత టెన్షన్ మ్యాచ్‌లోనూ క్లోజప్ పెడితే ఖో ఎవరికి ఇచ్చాడో తెలిసేది కాదు. ఈ ఆటకి పైనుంచి మొత్తం కోర్టు చూపించాలి, అంతే.

అన్నిటికంటే గట్టి దెబ్బ ఫుట్‌బాల్‌లోనే తగిలింది. 2022 మార్చి 20న హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన రాత్రి, పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, మా వీధిలో మా ఇంట్లోంచే అరుపులు. తర్వాత టీవీ హక్కులు స్టార్ నుంచి వయాకామ్18కి, ఆ రెండూ కలిసిపోయాక జియోస్టార్‌కి, ప్రతిసారీ కొత్త యాప్, కొత్త ఓటీపీ. ఇదంతా పైపై చిరాకే. అసలు 2010లో ఫుట్‌బాల్ సమాఖ్య లీగ్‌ని నడిపే హక్కులతో సహా ఒక ప్రైవేట్ కంపెనీకి 15 ఏళ్ళకి 700 కోట్లకి రాసిచ్చేసింది, ఆ గడువు 2025 డిసెంబర్‌లో తీరింది, కొత్తగా టెండర్ పిలిస్తే ఒక్క బిడ్ కూడా రాలేదు. సీజన్ 2026 ఫిబ్రవరికి గానీ మొదలవ్వలేదు, అప్పటికే మన హైదరాబాద్ టీం ఢిల్లీకి పోయి పేరు కూడా మార్చేసుకుంది. కప్పు గెలిచి నాలుగేళ్ళు కూడా కాలేదు అప్పటికి.

ఆశ్చర్యంగా నాకు బాగా నచ్చింది దూరదర్శన్. హాకీ ఇండియా లీగ్ 2024 డిసెంబర్‌లో మళ్ళీ మొదలైనప్పుడు డీడీ స్పోర్ట్స్‌లో వేశారు, మా అమ్మమ్మ ఊళ్ళో ఫ్రీ డిష్ ఉంది, పండక్కి వెళ్ళినప్పుడు పైసా కట్టకుండా హైదరాబాద్ తుఫాన్స్ మ్యాచ్‌లు చూశాం. బొమ్మ కొంచెం మసగ్గా ఉంది, గ్రాఫిక్స్ పాతకాలం, కానీ లాగిన్ లేదు, చెప్పిన టైంకి వచ్చింది. తుఫాన్స్ ఫైనల్లో 4-3తో ఓడిపోయారు, అది డీడీ తప్పు కాదు.

ప్యాక్ మాత్రం ఏడాదికి ఒకేసారి కట్టకండి. ఈ లీగులు నడిచేదే నెలా రెండు నెలలు, కబడ్డీ ఇంకొంచెం ఎక్కువ, ఈలోపు హక్కులు ఎవరి చేతికి పోతాయో చెప్పలేం. మేము కబడ్డీ నెలల్లోనే ఉంచుకుని మిగతా అప్పుడు తీసేస్తున్నాం. వాలీబాల్ టైంకి "ఏ నంబర్ రా?" అని బాబాయ్ ఫోన్ చేస్తాడు, ఉండు బాబాయ్ అని నేను కేబుల్ అబ్బాయికి చేస్తా.