తోట ఉయ్యాలకు కాళ్లు బిగిస్తామనే వారితో జాగ్రత్త

పాత తోట ఉయ్యాలలను కదలని బల్లలుగా మార్చి ఇస్తానని ప్రకటనలు పెట్టే పెద్దమనిషి ఎవరో మీలో చాలామందికి తెలుసు కనుక పరిచయం అక్కర్లేదు. మోకాళ్ల నొప్పులతో బాధపడే మా అమ్మ లేవబోయిన ప్రతిసారీ ఉయ్యాల వెనక్కి జారిపోతోందని, సీటు దిట్టంగానే ఉంది కదా పారేయడమెందుకని అతనికి పని అప్పగించాను. డబ్బు మొత్తం ముందుగానే చేతిలో పెట్టిన నా తెలివికి ఎవరైనా శాలువా కప్పాలి.

వచ్చీ రాగానే అతను చేసిన మొదటి పని, గొలుసులు తగిలించే రింగులను గ్రైండరుతో రెండు వైపులా కోసేయడం. "ముందు కాళ్లు ఒకసారి ఆనించి చూడండి" అని నేను అంటూ ఉండగానే నిప్పురవ్వలు లేచాయి. పని చెడితే మళ్లీ ఉయ్యాలగానైనా వేలాడదీసుకునే దారి అక్కడితో మూసుకుపోయింది. ఆ తరవాత సీటు చట్రం నాలుగు మూలలా ఒక్కో కాలును ఒక్కో బోల్టుతో బిగించాడు. ఒక్క బోల్టు మీద నిలిచిన కాలు ఎంత బిగించినా మడతబందులాగా తిరుగుతుందని, రెండు బోల్టులు గానీ ఏటవాలు పట్టీ గానీ లేకపోతే చట్రం పక్కకు ఒరగక మానదని ఈ పని మీదే బతికేవాడికి నేను చెప్పాలా? పైగా వేలాడే సీటులో మనిషి ఎటు ఆనుకున్నా గొలుసులు సర్దుకుంటాయి కానీ, అదే సీటును నేల మీద నిలబెట్టినప్పుడు వెనక కాళ్లు వీపుపట్టీ పైఅంచు కిందికి వచ్చేంతగా వెనక్కి చాచి ఉండాలి. ఇతను నాలుగింటినీ నిట్టనిలువుగా సీటు కిందే దించాడు.

అమ్మ కూర్చుని వీపు ఆనించగానే ముందు కాళ్లు నేల విడిచి పైకి లేచాయి. నేను పక్కనే ఉండి పట్టుకున్నాను. ఆయనగారు పనిముట్లు సంచిలో సర్దుకుంటూ, "ఉయ్యాలన్నాక కాస్త ఊగుతుందమ్మా, పెద్దవాళ్లు ముందుకు జరిగి కూర్చోవాలి" అని నవ్వాడు. ఊగకుండా చేయమనే కదా మేము డబ్బిచ్చింది! తప్పు అతని కాళ్లది కాదట, సరిగ్గా కూర్చోవడం చేతకాని మా అమ్మదట. డబ్బు తిరిగి ఇమ్మంటే, "కోసేసిన సీటుకు గ్యారంటీ ఉండదండీ" అన్నాడు, కోసింది మేమే అన్నట్టు. ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. గ్రైండరు తగిలి పౌడర్ కోటింగు లేచిపోయిన చోట, ఒక్క వానకే ఎర్రటి తుప్పు చారలు దిగాయి.

ఎవరైనా ఇదే పని చేయించుకునేట్టయితే రింగుల జోలికి పోనివ్వకండి. ఉయ్యాల వేలాడే నిలువు చట్రం గట్టిగా ఉంటే సీటును అందులోనే ఉంచి, చట్రం కాళ్లకూ సీటుకూ మధ్య ముందూ వెనకా కమ్మీలు బోల్టులతో బిగిస్తే ఊగడం ఆగుతుంది, నచ్చకపోతే విప్పేసుకోవచ్చు. సీటు నేల నుంచి సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే పెద్దవాళ్లు లేవడం తేలిక. ఇంట్లో అందరికన్నా బరువైన మనిషి కూర్చుని వెనక్కి ఆనుకుని చూశాకే డబ్బు ఇవ్వండి. అన్నట్టు, అతని ప్రకటన ఫోటోల్లో ఏ బల్ల మీదా ఒక్క మనిషి కూడా కూర్చుని లేడు, గమనించండి.