220 గ్రాముల ఫోమ్ విమానం: మూడు వేసవులు ఎగరేశాక

మా రిమోట్ విమానాల క్లబ్‌లో కొత్తగా చేరినవాళ్లతో ముందు కట్టించేది ఇదే. 80 సెంటీమీటర్ల రెక్క, 3 మిల్లీమీటర్ల డెప్రాన్ (గట్టి ఫోమ్) షీట్లు, రెక్క, తోకల్లో కదిలే పలకల్ని తిప్పే 9 గ్రాముల సర్వోలు మూడు, చిన్న బ్రష్‌లెస్ మోటారు, రెండు సెల్‌ల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ. అన్నీ కలిపి 220 గ్రాములు. మూడు వేసవుల్లో ముక్కు మారింది, ప్రొపెల్లర్లు చాలానే పోయాయి. రెక్క మాత్రం మొదట కట్టిందే.

ఆ రెక్క చూస్తే ఎవరో పని సగంలో వదిలేసి వెళ్లారనిపిస్తుంది. కింద ఒక షీటు, పైన ముందు సగానికి మాత్రం ఇంకో షీటు, మధ్యలో మెట్టు. క్లైన్-ఫోగల్‌మన్ రెక్క అంటారు. బాల్సా (తేలికపాటి చెక్క) రెక్కకి లాగా లోపలి అడ్డపలకలు, అంటే రిబ్బులు కోసి, ఫిల్ము వేసి ఇస్త్రీ చేసే తతంగం లేదు. వేగం బాగా తగ్గినా ఒక పక్కకి తిరగబడదు, ముక్కు మెల్లగా దించుతుంది. నేర్చుకునేవాడికి ఇంకేం కావాలి? రెక్కలో కార్బన్ రాడ్ మాత్రం పెట్టి తీరాలి.

జిగురు దగ్గర జాగ్రత్త. మామూలు సూపర్ గ్లూ చుక్క పడితే డెప్రాన్ కరిగి గుంట పడుతుంది, స్ప్రే పెయింటూ అంతే. హాట్ గ్లూ పట్టు బాగానే ఉంటుంది గానీ బరువు ఇట్టే ఎక్కుతుంది. అదీ తోక దగ్గర ఎక్కితే, తూకం కుదరడానికి దానికి రెండు మూడింతల బరువు ముక్కులో పెట్టుకోవాలి.

ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని కట్టుకుంటే క్లబ్ ఎందుకు అనేవాళ్లు ఒక్కసారి మైదానానికి రండి. కొత్త విమానం కనిపిస్తే చాలు, సీనియర్ ఎవరో ఒకరు రెక్క కింద రెండు వేళ్లు పెట్టి నిలబెట్టి తూకం చూస్తారు. ముందు అంచు నుంచి రెక్క వెడల్పులో 30 శాతం దగ్గర అన్నమాట. తోక వాలితే బ్యాటరీ ముందుకు జరపాల్సిందే. తర్వాత రిమోట్ స్టిక్ చూపించి ‘తమ్ముడూ, కుడికి కొట్టు’ అంటారు. కుడి ఎయిలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) పైకి లేస్తేనే విమానం చేతికిస్తారు. వీడియోలు ఎన్ని చూసినా ఈ చాదస్తం అబ్బదు.

లోపాలా? గాలి. ఎండెక్కాక గాలి లేచిందంటే ఇది ముందుకు కదలక ఉన్నచోటే ఊగుతుంది. అందుకే మాకు తెల్లవారుజామే. మే నెలలో కారులో వదిలేస్తే రెక్క వంకర పోతుంది, లైపో ఉబ్బుతుంది. ఎగరేయని రోజుల్లో బ్యాటరీని సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. నిమ్మళంగా తిప్పితే ఒక చార్జికి ఏడెనిమిది నిమిషాలు, అంతే.

2021 డ్రోన్ నిబంధనల్లో 250 గ్రాముల దాకా నానో తరగతి, పైలట్ లైసెన్సు అక్కర్లేదు. అలాగని ఎక్కడపడితే అక్కడ ఎగరేయొద్దు, ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు గ్రీన్ జోనేనా (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతమేనా) అని చూసుకోండి.

డబ్బు పెట్టాలనుకుంటే మంచి రిమోట్, మంచి చార్జర్ మీద పెట్టండి. తర్వాత బాల్సా కట్టినా అవే వాడతారు. రెడీమేడ్ విమానం మాత్రం మొదటిదిగా కొనమని నేను చెప్పను. విరిగిన రోజు ఎక్కడ విప్పాలో కూడా తెలియదు.