పాత డీజిల్ అంబాసిడర్, దాని మీడియం వేవ్ రేడియో: ఏళ్ళ తరబడి వాడాక

రావులపాలెం, రాజమండ్రి హైవే మీద రోజూ తిరిగేవాళ్ళకి ఈ సమీక్ష పనికిరాదు. వాళ్ళు ఇక్కడే ఆపేసి కొత్త బండి ఏదో చూసుకోవచ్చు. కాలవగట్ల మీద, పుంతరోడ్ల మీద, ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరొస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్ళక తప్పని దారుల్లో తిరిగేవాళ్ళ కోసం రాస్తున్నాను.

బండి 1980ల నాటి మార్క్ 4 అంబాసిడర్, డీజిల్. మా నాన్నగారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, ఆయన తర్వాత నా చేతికొచ్చింది. ఉండేది అమలాపురం దగ్గర. డాష్‌బోర్డులో మీడియం వేవ్, షార్ట్ వేవ్ మాత్రమే పట్టే రేడియో ఉంది, ఎఫ్.ఎం. లేదు. కారునీ రేడియోనీ కలిపి సమీక్షించడమేమిటని నవ్వకండి. ఈ రెండూ ఒకదానికొకటి ఎలా కుదిరాయో చెప్పడానికే ఇదంతా.

ముందు కారు సంగతి. ఒళ్ళు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ది. పశ్చిమ బెంగాల్ ఉత్తరపారా ఫ్యాక్టరీలో 1950ల చివర మొదలై 2014 మే నెలదాకా తయారైంది. నా బండిలో ఉన్నది 1,489 సీసీ డీజిల్ ఇంజను. మన దేశంలో తయారైన మొదటి డీజిల్ కారు ఇదే. బలం నలభై గుర్రాల లోపే, అందుకని అరవై దాటించాలని నాకెప్పుడూ అనిపించలేదు, బండికీ అనిపించినట్టు లేదు. పొద్దున్నే హీటర్ ప్లగ్గులు వేడెక్కేదాకా ఆగి, అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. ఈలోపు పెద్దవాళ్ళు తాపీగా ఎక్కి కూచుంటారు. పంచె కట్టుకున్న మనిషి వంగకుండా, మోకాళ్ళు పట్టుకోకుండా ఎక్కగలిగిన కారు ఇంకోటి నేను చూడలేదు. మా అమ్మ కొత్త కార్లు ఎక్కదు. "గోతిలో దిగినట్టుంటదిరా" అంటుంది.

ముందు సీటు బెంచీలా ఒకటే పలక, గేరు రాడ్డు స్టీరింగు పక్కనే. మరంచేత ముందు ముగ్గురు, వెనక నలుగురు, సంక్రాంతికి ఇంకో ఇద్దరు పిల్లలు. చట్టం ఒప్పదు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళే దారిలో చట్టాన్ని తల్చుకునేవాళ్ళు తక్కువ. వెనక కమాన్లు గట్టివి, డిక్కీలో బియ్యం బస్తాలు వేసినా బండి కుంగదు. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని గోదావరి దాటించే పడవ) ఎక్కించేటప్పుడు ఈ ఎత్తు విలువ తెలుస్తుంది. నీరు తగ్గి పలకలు ఏటవాలుగా ఉన్న రోజున కొత్త కార్ల ముందు భాగం గీసుకుపోతుంటే, ఇది మాత్రం నింపాదిగా ఎక్కి కూచుంటుంది.

ఇక ఇబ్బందులు. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. కాలవ దాటి తడిసిన చక్రాలతో వస్తే మొదటి రెండుసార్లు తొక్కుడు వృథా, మూడోసారికి పట్టు దొరుకుతుంది. స్టీరింగు బరువు, భుజాలున్నవాళ్ళు నడపాలి. గ్రీజు కొట్టించడం మరిస్తే ముందు చక్రాల దగ్గర కిర్రుమని గుర్తుచేస్తుంది. ఏసీ లేదు. ఇంత వయసొచ్చాక తలుపుల రబ్బర్లు గట్టిపడి వానకి నీరు లోపలికి కారుతుంది, ఎన్నిసార్లు మార్పించినా కాళ్ళ దగ్గర గోనెపట్టా వేసుకోవాల్సిందే. అన్నిటికన్నా పెద్ద శత్రువు ఉప్పుగాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగి వచ్చిన ప్రతిసారీ కింద మంచినీళ్ళతో కడిగించకపోతే రేకు తినేస్తుంది. ఒకసారి దూరపు ఊళ్ళో ఒక షెడ్డువాళ్ళు తుప్పు తీయకుండానే పైన పుట్టీ పెట్టి రంగేశారు. ఏడాది తిరక్కుండా అరచేయంత ముక్క ఊడి చేతికొచ్చింది. టింకరింగ్ ఎక్కడ చేయించినా రేకు బయటపడ్డాక ఒకసారి వెళ్ళి చూసి, అప్పుడే రంగుకి ఒప్పుకోవాలి.

లీటరుకి పదమూడు, పద్నాలుగు కిలోమీటర్లిస్తుంది. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

రేడియో దగ్గరికి వద్దాం. పెట్రోలు బండ్లలో మీడియం వేవ్ వినడం ఒక శిక్ష. స్పార్కు ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టిన ప్రతిసారీ అదీ ఒక చిన్న ప్రసార కేంద్రమే, యాక్సిలేటరు తొక్కేకొద్దీ చిటపట పెరుగుతుంది. డీజిల్ ఇంజనులో ఆ రవ్వే లేదు. గాలిని నొక్కి వేడెక్కించి అందులోకి డీజిల్ చిమ్మితే అదే మండుతుంది. నాకిది చదివితే తెలిసింది కాదు, అంబాజీపేటలో మా మేస్త్రి చెప్పాడు. "పెట్రోలు బండికండీ ఆ గోల. మనదానికి రవ్వెక్కడిదండీ, ఆయ్? గుయ్‌మంటే డైనమో అండీ, దానికో కండెన్సరేస్తే సరిపోద్దండీ." వేశాడు, సరిపోయింది. ఇంజను మాత్రం గ్రైండరులా మోగుతుంది, వాల్యూం పెంచుకోక తప్పదు. రేడియోలో చప్పుడు లేదు గానీ బండిలో ఉంది!

రెండో అదృష్టం ఈ నేల. మీడియం వేవ్ తరంగం పగటిపూట నేలని పట్టుకుని పోతుంది. నేల తడిగా, ఉప్పగా ఉన్నకొద్దీ దూరం పోతుంది, రాతి నేలలో తొందరగా నీరసిస్తుంది. వరిచేలు, కాలవలు, చెరువులు, సముద్రపు పాయలు తప్ప ఏముంది కోనసీమలో? 837 కిలోహెర్ట్జ్ మీద విజయవాడ, 927 మీద విశాఖపట్నం. రెండూ నూటనలభై కిలోమీటర్లకి పైన ఉన్న ఊళ్ళే, అయినా ఏళ్ళ తరబడి నా సెట్టులో ఎదురింటి మాటల్లా వినిపించాయి. విశాఖ తరంగం సగం దారి సముద్రం మీదుగానే వస్తుంది కాబట్టి తీరం వెంట ఇంకా బాగుంటుంది. పొద్దుగూకాక పై ఆకాశం నుంచి తిరగబడి వచ్చే దూరపు స్టేషన్లు కలగాపులగమవుతాయి. కొందరికి అది చిరాకు. నాకు మాత్రం ఏ భాషో తెలియని గొంతు లేచి పడిపోతుంటే అలా వదిలేసి నడపడం ఇష్టం. ఈమధ్య ఎల్.ఈ.డీ. బల్బుల సెంటర్లలో బుర్రుమంటోంది, కరెంటు తీగల కింద సరేసరి.

ఈ రేడియో అసలు పనితనం 1996 నవంబరు 6 తుపాను తర్వాత చూశాం. కొబ్బరిచెట్లు తలలు తెగి పడి ఉన్నాయి, స్తంభాలు ఒరిగిపోయాయి, కరెంటు ఇవాళో రేపో వచ్చే సూచన లేదు. ట్రాన్సిస్టరు సెల్లులు కొట్లలో అయిపోయాయి. మా వీధిలో మిగిలిన కరెంటు ఈ బండి బ్యాటరీలోనే. నాన్నగారు నాలుగు తలుపులూ తీసిపెట్టి వార్తల వేళకి విజయవాడ పెట్టేవారు. వినడానికి వచ్చినవాళ్ళు బానెట్ మీద చేతులానించి నిలబడేవారు. వార్తలవగానే కట్టేసేవారు, బ్యాటరీ దిగిపోతుందని. ఆ తర్వాత ఎవరెంత ధర చెప్పినా ఆ సెట్టు పీకించడానికి ఆయన ఒప్పుకోలేదు.

ప్రకటనల మాటకొస్తే మా బాబాయితో నాకు ఎప్పుడూ పేచీయే. బండెక్కగానే మొదలెడతాడు, "ఒరేయ్, ఆ రోజుల్లో రేడియోలో ఈ సబ్బుల గోల ఉండేదా? సిలోన్ పెడితే హాయిగా పాటలే పాటలు" అని. సిలోన్ రేడియో నడిచిందే ప్రకటనల మీద బాబాయ్, అంటే వినడు. అక్కడ 1952లో మొదలైన హిందీ పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా, ఆ పేరులోనే టూత్‌పేస్టుంది. అదే ఏడు కేస్కర్ గారు సమాచార ప్రసార శాఖ మంత్రిగా వచ్చి ఆకాశవాణిలో సినిమా పాటలు తగ్గించేశారు, దాంతో దేశం చెవులన్నీ సిలోన్ వైపు తిరిగాయి. ఆ చెవుల్ని వెనక్కి తెచ్చుకోవడానికి 1957 అక్టోబరులో వివిధభారతి పెట్టారు, పదేళ్ళు తిరిగేసరికి 1967 నవంబరులో అందులోనూ ప్రకటనలు మొదలయ్యాయి. మరి బాబాయికి అవి గుర్తులేకపోవడం అబద్ధమా? కాదనుకుంటాను. అప్పటి ప్రకటన ఒక పాట అయ్యాక ఇంకో పాట ముందు వచ్చేది, పాట మీద పడేది కాదు. ఇప్పటి ప్రైవేటు ఎఫ్.ఎం.లో పల్లవి ముగియకుండానే అపార్ట్‌మెంట్లు అమ్ముతారు. డబ్బు కట్టని పాటల యాప్‌లోనూ అదే వరస, పైగా మన ఊరేదో తెలుసుకుని మరీ.

విజయవాడ కేంద్రంలో భక్తిరంజని, పాడిపంటలు, నాటకాలు, ఉషశ్రీ గారి రామాయణ భారతాలు వినేటప్పుడు మనకేదో అంటగడుతున్నారన్న అనుమానం కలగలేదు. అయితే అది స్వతంత్ర రేడియో అని నేననను. సర్కారు గొంతు అది, వార్తల్లో మంత్రుల ప్రారంభోత్సవాలకి కొదవ లేదు. 1997లో ప్రసారభారతి వచ్చి పేరుకి స్వయంప్రతిపత్తి తెచ్చింది. వినేవాడికి తేడా తెలిసిందా అంటే నాకు తెలియలేదు.

అటు సర్కారూ ఇటు సబ్బులూ లేని రేడియో ఎలా ఉంటుందో నాకు న్యూజెర్సీలో ఉన్న మేనకోడలు చూపించింది. డబ్ల్యూ.ఎఫ్.ఎం.యు. అని, 1958లో అక్కడి ఈస్ట్ ఆరెంజ్‌లో ఒక కాలేజీ స్టేషనుగా పుట్టింది. 1995లో కాలేజీ మూతపడింది. స్టేషను అంతకు ముందే వేరుపడి, ఆ తర్వాత జెర్సీ సిటీకి మారి, శ్రోతల చందాలతో నడుస్తోంది. ప్రకటనలు లేవు. ఏ పాట వెయ్యాలో పైవాళ్ళు చెప్పరు, మైకు ముందున్న మనిషిదే ఇష్టం. మన పొద్దున్న ఆరున్నర అంటే వేసవిలో వాళ్ళకి ముందురోజు రాత్రి తొమ్మిది. నేను ముక్తేశ్వరం వైపు కాలవగట్టెక్కే వేళకి అక్కడెవరో తీరిగ్గా పాత రికార్డులు తీస్తుంటారు. ఫోనులో ఇంటర్నెట్టు మీద వింటాను, అందుకని డాష్‌బోర్డు కింద అరలో చిన్న బ్లూటూత్ స్పీకరు పెట్టాను. మామూలు నాణ్యత చాలనుకుంటే గంటకి అరవై ఎంబీ లోపే డేటా. లంకల్లోకి దిగితే సిగ్నలు పోతుంది, అప్పుడు మళ్ళీ పాత సెట్టే గతి.

అన్నీ బాగుంటాయనను. కొన్ని పొద్దుళ్ళు అరగంటసేపు గీతలు గీసినట్టు చప్పుడే, దాన్ని సంగీతమంటారు వాళ్ళు. మా ఆవిడ ఆ స్టేషను పెడితే వెనక సీటుకి మారిపోతుంది. ప్రతి ఏడాదీ మార్చి ప్రాంతంలో రెండు వారాలపాటు చందాలడుగుతారు, అడిగిందే అడుగుతారు. అదీ ఒక ప్రకటనే కదా అని బాబాయి పట్టుకున్నాడు, ఈసారి ఆయన అన్నది కొట్టిపారెయ్యలేను. కాకపోతే మన గుడికి చందా అడిగేవాడు మిగతా ఏడాదంతా తలుపు తట్టడు. నేను కొంచెం పంపాను కూడా, కార్డు ఒప్పుకోవడానికి నానా తిప్పలూ పడి.

మన దగ్గరా దారి ఉంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలు కూడా సామాజిక రేడియో పెట్టుకోవచ్చు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత స్త్రీలు 2008 నుంచి సంఘం రేడియో నడిపి చూపించారు. వంద వాట్ల లోపు పవరు, ముప్ఫై మీటర్ల స్తంభం, పది పదిహేను కిలోమీటర్ల పరిధి. కొండ అన్నదే లేని మన నేలకి అది చాలు. రెండు మూడు మండలాలకి కొబ్బరి ధర, కాలవ ఎప్పుడు కట్టేస్తారు, పంటు ఏ వేళకి ఆగుతుంది, అన్నీ చెప్పుకోవచ్చు. సొంత వార్తలు మాత్రం చదవనివ్వరు, అదొక్కటే నాకు మింగుడుపడదు. నేను తిరిగే దారుల్లో అలాంటి స్టేషను ఒక్కటీ పట్టలేదు. పట్టుకోవడానికి నా సెట్టులో ఎఫ్.ఎం. లేదనుకోండి, ఫోను పెట్టి వెతికినా లేదు.

ఇప్పుడు ఈ బండి కొనచ్చా? ఇంట్లో ఒకటే కారు ఉండేటట్టయితే వద్దు. రెండోదిగా, పెద్దవాళ్ళని గుడికీ ఆసుపత్రికీ తిప్పడానికి, మేస్త్రి పది కిలోమీటర్ల లోపు ఉంటే కొనండి. పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషను పొడిగింపుకి 600 ఉన్న ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, ఇరవై ఏళ్ళు దాటిన ఇలాంటి బండికి 2025 ఆగస్టు నుంచి 10,000, అదీ అయిదేళ్ళకొకసారి, ఫిట్‌నెస్ చూపించాలి. బ్రేకు షూలు, బేరింగులు, గ్లాసులు ఇంకా దొరుకుతున్నాయి. డీజిల్ పంపు పనికి మాత్రం రాజమండ్రో భీమవరమో పోవాలి, అక్కడా పాతతరం మేస్త్రిని వెతుక్కోవాలి.

చూడ్డానికి వెళ్ళినప్పుడు పై రంగు చూడకండి. జాకీ పెట్టే చోట స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి, దిగబడిందా వచ్చేయండి. కాళ్ళ దగ్గర మ్యాట్టు ఎత్తి చూడండి. పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించండి, మీరొచ్చేసరికే వేడిచేసి ఉంచితే అనుమానించండి. రేడియో ఉన్న బండయితే సెట్టు మోగకపోయినా పీకించకండి, చాలామటుకు ఏరియల్ వైరు అడుగున తుప్పు పట్టి తెగి ఉంటుంది. ఆ వైరు మార్పించాక ఏరియల్ మొదట్లో కొంచెం గ్రీజు పూయించండి, ఉప్పుగాలికి.