ఎ ప్లాస్టిక్ ఓషన్ - చూడండి కానీ అన్నం తింటూ మాత్రం వద్దు
2016లో వచ్చిన డాక్యుమెంటరీ ఇది, డైరెక్టర్ క్రెయిగ్ లీసన్ ఆస్ట్రేలియా జర్నలిస్ట్, చిన్నప్పట్నుంచీ బ్లూ వేల్ అంటే పిచ్చంట, షూట్ చేద్దామని శ్రీలంక దగ్గర సముద్రంలోకి వెళ్తే నీళ్ల మీద తెట్టులా ప్లాస్టిక్ కనిపిస్తుంది, ఇక అక్కణ్ణుంచి సినిమా రూటే మారిపోద్ది. ఫ్రీడైవర్ (ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి నీళ్లలో లోతుకి వెళ్లేవాళ్లు) తాన్యా స్ట్రీటర్ కూడా ఉంది.

ఆస్ట్రేలియాకి చెందిన లార్డ్ హౌ దీవిలో షియర్‌వాటర్ అనే సముద్ర పక్షి పిల్లల పొట్టలోంచి ప్లాస్టిక్ ముక్కలు తీస్తుంటారు చూడండి, అమ్మానాన్న పక్షులే తిండి అనుకుని తెచ్చి నోట్లో పెట్టాయట పాపం, నేనైతే అక్కడ పాజ్ కొట్టేశా. పసిఫిక్‌లోని చిన్న దీవుల దేశం తువాలు, ఫిలిప్పీన్స్ రాజధాని మనీలా సీన్లు కూడా గట్టిగానే తగుల్తాయి.

మైనస్ ఏంటంటే సొల్యూషన్స్ హడావుడిగా చుట్టేశారు, వాయిస్ ఓవర్ కూడా ఎక్కువే. అండర్‌వాటర్ షాట్స్ ఫోన్‌లో చూస్తే వేస్ట్, టీవీలో వేసుకోండి. పిల్లలకి చూపించొచ్చు, ఆ పక్షుల సీన్ గురించి ముందే చెప్పండి. 3.5/5