పాత పద్మిని బాగు చేయిస్తే డబ్బులొస్తాయా?

ముందే చెప్పేస్తాను: లాభం కోసమైతే వద్దు. ఇష్టం కోసమైతే మాత్రం ఇంత తృప్తినిచ్చే పని నాకింకొకటి తెలియదు. 1984 మోడల్ ప్రీమియర్ పద్మిని కారును ఆసాంతం విప్పించి, బాగు చేయించి, ఏళ్ల తరబడి బెజవాడ రోడ్ల మీద నడిపాక చెబుతున్న మాట ఇది. "సరదాకి సరదా, పైగా నాలుగు డబ్బులు కూడా మిగులుతాయట కదా" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్ల కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇటలీ ఫియట్ 1100ని బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు మన దేశంలో తయారుచేస్తే, అదే తర్వాత పద్మిని అయింది. 1089 సీసీ ఇంజన్, నాలుగు గేర్లు, స్టీరింగ్ పక్కనే గేర్ రాడ్, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు, వెనక కుదుపులు ఆపే కమాన్ పట్టీలు. బానెట్ ఎత్తితే ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. కొత్తగా ఈ పనిలోకి దిగేవాళ్లకు ఇంతకంటే మంచి బండి లేదని నా అభిప్రాయం. బొంబాయిలో టాక్సీలుగా 2023 అక్టోబర్ దాకా తిరిగింది కాబట్టి రన్నింగ్ పార్టులకు కరువు లేదు. పిస్టన్లు, రింగులు, క్లచ్ ప్లేట్, ముందు చక్రాలు పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్లు, బ్రేక్ కిట్లు కొన్ని మన ఆటోనగర్‌లోనే దొరికాయి, మిగతావి మద్రాసు పుదుపేటలో. అరిగిన సిలిండర్లను లోపల చెక్కి సాపు చేసే బోరింగ్ పని అయితే ఆటోనగర్ లేత్ మేస్త్రులకు నల్లేరు మీద నడకే.

డబ్బు తినేది ఇంజన్ కాదు, బాడీ. టింకరింగ్ (రేకు పని) షెడ్డులో మొదటి రోజే ఆ సంగతి అర్థమైంది. డ్రైవర్ వైపు తలుపు కింద రేకుని మేస్త్రి స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్లాడు. ముందు టంగు టంగుమంది. ఒకచోటికి వచ్చేసరికి మట్టిగోడను కొట్టినట్టు చప్పుడు మందగించింది. అక్కడ గీకితే సొట్టలు, కన్నాలు పూడ్చే లప్పం వేలెడు మందాన ఊడింది. దాని వెనక రేకు లేదు, తుప్పు పొడి ఉంది. పైన పెయింట్ మాత్రం నిగనిగలాడుతోంది! ఆ తర్వాత ఫ్లోరు, డిక్కీ అడుగు, మడ్‌గార్డు అంచులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. కుళ్లిన రేకు కోసేయడం, కొత్త రేకును అదే వంపుకి సుత్తితో కొట్టి తేవడం, అతుకు వేయడం, మళ్లీ సాపు చేయడం, అంతా చేత్తో చేసే పనే. ఈ పని తెలిసిన మేస్త్రులు తగ్గిపోతున్నారు. ఉన్నవాళ్లు అడిగిన కూలి న్యాయమైనదే, బేరం ఆడాలని కూడా అనిపించదు.

చివరికి లెక్క చూస్తే, కారు కొన్న ధరకు మూడింతలు పైనే ఖర్చు తేలింది. అందులో సగం టింకరింగ్‌కీ పెయింట్‌కీ పోయింది. ఇంత శుభ్రంగా ఉన్న ఇదే మోడల్ బళ్లు నేను పెట్టినదాంట్లో సగానికే అమ్ముడవడం చూశాను. 2022లో ఒక పాత మెర్సిడెస్ 13.5 కోట్ల యూరోలకు అమ్ముడైందన్న వార్త చదివి చాలామంది ఆశపడ్డారు. ఆ రకం కార్లు ప్రపంచం మొత్తం మీద తయారైనవి రెండే. పద్మిని మన వీధివీధికీ తిరిగిన బండి. పాతది అయినంత మాత్రాన అరుదైనది కాదు, అరుదైనది కాకపోతే రేటు రాదు. టింకరింగ్, పెయింటింగ్ స్వయంగా చేసుకుని, తన కూలి లెక్కేసుకోని మనిషికి ఏమైనా మిగిలితే మిగలొచ్చు.

సినిమా షూటింగులకీ పెళ్లిళ్లకీ అద్దెకిస్తే గిట్టుబాటవుతుందని కొందరంటారు. సొంత వాడకానికి రిజిస్టరైన బండిని కిరాయికి తిప్పడానికి చట్టం ఒప్పుకోదు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది కదా అంటే, అది 50 ఏళ్లు దాటి, ఒరిజినల్‌గా ఉన్న బళ్లకే. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, నంబరులో 'వీఏ' అని వస్తుంది. ఆ బండిని రోజూ వాడకూడదు, వ్యాపారానికీ వాడకూడదు. నా 1984 బండికి ఇంకా ఆ వయసు రాలేదు కాబట్టి మామూలు పద్ధతే: 15 ఏళ్లు దాటింది గనుక అయిదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు హాజరు. నా ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీకే పరిమితం. అంటే షెడ్డులో పోసిన డబ్బుకి ఏ రక్షణా లేదు.

ఇక నడపడం గురించి. మే నెల మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. ఇంజన్‌కి పెట్రోలు అందించే పంపులో అది వేడికి ఆవిరైపోతే ఇలా అవుతుంది. పక్కకు తీసి, బానెట్ ఎత్తి, తడిగుడ్డ పంపు మీద కప్పి కాసేపు ఆగితే మళ్లీ అందుకుంటుంది. మొదట్లో టెన్షన్ పడేవాణ్ణి, ఇప్పుడు డాష్‌బోర్డులో గుడ్డ, నీళ్ల సీసా ఎప్పుడూ ఉంటాయి. వానలో డ్రమ్ములు తడిస్తే బ్రేకు పట్టదు, నీళ్లలోంచి బయటికి రాగానే పెడల్ మెల్లగా నొక్కి ఆరబెట్టుకోవాలి. పెట్రోల్‌లో ఇథనాల్ పెరిగాక రబ్బరు పైపులూ పంపు డయాఫ్రమూ (లోపలి రబ్బరు పొర) కొత్తవి వేయించాను, పాత రబ్బరు దానికి తట్టుకోదు. కింగ్ పిన్లకి గ్రీజు కొట్టించడం మరిచిపోతే స్టీరింగ్ బరువెక్కి తనే గుర్తు చేస్తుంది.

ఇవన్నీ నాకు ఇబ్బందులుగా అనిపించవు. ఆదివారం పొద్దున స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపలి పాయింట్ల మీద పట్టిన నలుపును సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, గ్యాప్ సరిచేసి, చోక్ లాగి స్టార్ట్ చేస్తే ఇంజన్ సమంగా కొట్టుకుంటుంది చూడండి, ఆ సంతోషం కోసమే నేను ఇంత ఖర్చు పెట్టింది. షోరూములో కొన్న బండి ఎప్పుడూ నాకిది ఇవ్వలేదు. మళ్లీ ఇంకో బండి బాగు చేయిస్తావా అంటే, డబ్బు సమకూరితే స్టాండర్డ్ హెరాల్డ్ అనే మరో పాత కారు చేయిస్తాను.

కొనాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ఇంజన్ పోయిన బండి చూసి భయపడకండి. గ్రిల్లు, క్రోమ్ పట్టీలు, తలుపు హ్యాండిళ్లు, అద్దాలు పూర్తిగా ఉన్నాయా, చిన్న అయస్కాంతం పెడితే తలుపుల కింద అంటుకుంటోందా అన్నది చూడండి. అయస్కాంతం జారిందంటే అక్కడ లప్పమే. రేకు గట్టిగా ఉన్నా, ఆర్‌సీ చెల్లుబాటులో లేని బండికి అడ్వాన్సు కూడా ఇవ్వకండి.