నాక్టుయిడే రెక్కల పురుగులు: ఒకే పెద్ద కుటుంబమా, విడి కుటుంబాలా?
2006లో లాఫొంటెయిన్, ఫిబిగర్ అనే కీటక శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన వర్గీకరణ, అంతకుముందు విడి కుటుంబాలుగా ఉన్న ఆర్క్టిడే, లైమాంట్రిడేలను సైతం నాక్టుయిడే అనే రెక్కల పురుగుల కుటుంబంలో ఉపకుటుంబాలుగా కలిపివేసింది. 2011లో జహిరి పరిశోధక బృందం 8 జన్యువుల ఆధారంగా, నాక్టుయిడే కూడా చేరి ఉన్న నాక్టుయోయిడియా మహాకుటుంబాన్ని (దగ్గరి కుటుంబాల సమూహాన్ని) 6 కుటుంబాలుగా విభజించి, పై రెండింటినీ ఎరెబిడే అనే మరో కుటుంబంలో చేర్చింది.

మన పొలాల్లో చూస్తే తేడా స్పష్టమవుతుంది. పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు రెండు పద్ధతుల్లోనూ నాక్టుయిడేలోనే ఉంటాయి. ఆముదాన్ని తినే దాసరి పురుగు, వేరుశనగను పాడుచేసే ఎర్ర గొంగళి పురుగు మాత్రం కొత్త పద్ధతిలో ఎరెబిడేకు మారతాయి. పాత వ్యవసాయ పుస్తకాలు చదివేవారికి ఇది కొంత చికాకే. అయినా, నిజమైన బంధుత్వాన్ని మెరుగ్గా చూపుతుంది గనుక రెండవదే నాకు సమంజసంగా తోస్తుంది.