క్యామ్ మార్చాక మిస్సింగ్: మ్యాపింగా, హెడ్ కవరా, పాత క్యామా?

పర్ఫార్మెన్స్ క్యామ్ (ఇంజన్ వాల్వులను తెరిచి మూసే కడ్డీ, పవర్ కోసం మార్చుకునేది) వేయించిన మూడో రోజే నా 650 సీసీ రెండు సిలిండర్ల బండి బెంగళూరు సిల్క్ బోర్డ్ సిగ్నల్లో నాలుగుసార్లు ఆగిపోయింది. పొద్దున సెల్ఫ్ అందుకోదు, ఐడ్లింగ్ నిలబడదు, యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్లో టప్ టప్. అడిగిన ప్రతివాళ్లూ "ఈసీయూ మ్యాపింగ్ చేయించు" అన్నవాళ్లే. ఈసీయూ అంటే పెట్రోల్ ఎంత పోయాలో లెక్కకట్టే కంప్యూటర్, మ్యాపింగ్ అంటే ఆ లెక్క మార్చి రాయడం. జేసీ రోడ్డు దగ్గరుండే మా మదనపల్లె మెకానిక్ ఒక్కడే "ముందు హెడ్ కవర్ తీద్దాం అన్నా" అన్నాడు. హెడ్ కవర్ అంటే వాల్వుల మీదుండే మూత. మీ బండిదీ ఇదే కథైతే మీరూ అక్కడే మొదలుపెట్టండి.

మ్యాపింగ్ వద్దని కాదు. ఇలాంటి క్యామ్‌తో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరిచుండే సమయం పెరుగుతుంది. ఐడ్లింగ్‌లో కొంత గాలి కాలకుండానే సైలెన్సర్లోకి పోతుంది. ఆక్సిజన్ సెన్సర్ అది చూసి పెట్రోల్ చాలట్లేదనుకుంటుంది, ఈసీయూ ఇంకాస్త పోస్తుంది, ప్లగ్గులు నల్లబడతాయి. దానికి మందు మ్యాపింగే. కానీ వాల్వే సరిగ్గా మూసుకోనప్పుడు మ్యాప్ రాయించడం చిల్లు కుండలో నీళ్లు కొలవడమే.

కవర్ విప్పి, చల్లని ఇంజన్‌లో పిస్టన్‌ను కంప్రెషన్ మీద పైకి తెచ్చి ఫీలర్ గేజ్ (సన్నటి ఉక్కు ఆకులతో వాల్వ్ దగ్గరి గ్యాప్ కొలిచేది) పెట్టాడు. ఎడమ సిలిండర్లో ఆకు పట్టీపట్టనట్టు జారింది, అంటే గ్యాప్ సరిగ్గానే ఉంది. కుడివైపు ఎగ్జాస్ట్ దగ్గర మొనే దూరలేదు, కాస్త తోస్తే ఆకు వంగింది. అంత టైటుగా ఉంటే వేడెక్కాక వాల్వ్ సీటు మీద పూర్తిగా కూర్చోదు. అలాగే నడిపితే అంచు కాలిపోతుంది. ఈ గ్యాప్ (ట్యాపెట్ గ్యాప్) బండి మాన్యువల్లోది కాదు, క్యామ్‌తో వచ్చిన కాగితంలోది పెట్టాలి. మాకు జరిగిన పొరపాటు ఇదే.

టైమింగ్ (క్రాంక్ తిరుగుడుతో క్యామ్ సరిగ్గా కలవడం) కూడా అప్పుడే చూడాలి. క్యామ్ స్ప్రాకెట్‌కు 36 పళ్లుంటే, చెయిన్ ఒక్క పన్ను తప్పినా క్రాంక్ లెక్కలో 20 డిగ్రీల తేడా. గుర్తులు కలిశాక క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్లీ చూడండి.

సిలిండర్లో ఒత్తిడి చూపే కంప్రెషన్ గేజ్ తక్కువ చూపిందని పిస్టన్ రింగులు పోయాయనుకోకండి. ఇన్‌టేక్ ఆలస్యంగా మూసే క్యామ్‌తో సెల్ఫ్ మీద ఆ అంకె తగ్గడం మామూలే. రెండు సిలిండర్ల మధ్య తేడా ఎక్కువుంటేనే అనుమానించి లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్లోకి గాలి కొట్టి ఎంత, ఎక్కడ లీకవుతోందో చూడటం) చేయించండి.

అరపూట పనితో స్టార్టింగ్, టప్ టప్ రెండూ కుదిరాయి. ఐడ్లింగ్‌లో మిగిలిన ఊపు కోసం ఆ తర్వాతే మ్యాపింగ్‌కు ఇచ్చాను. ఎవరి బండికో చెన్నైలో రాసిన ఫైలు మాత్రం ఎక్కించుకోకండి. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పలచన. మీ బండినే ఇక్కడ డైనో (రోలర్ మీద బండి నడిపి పవర్ కొలిచే యంత్రం) ఎక్కించండి.

ఇక పాత క్యామ్. రోజూ హెబ్బాళ ఫ్లైఓవర్ మీద ఫస్టూ సెకండూ గేర్లలో పాకేవాళ్లకు అదే మేలు. కింది ఆర్‌పీఎంలో లాగుడు దానికే ఎక్కువ, ఎంత మ్యాపింగ్ చేసినా అది పూర్తిగా తిరిగిరాదు. నాకు ఆదివారం నంది హిల్స్ దారి ముఖ్యం కాబట్టి కొత్తదే ఉంచుకున్నాను. పాతదాన్ని అమ్మేయమన్నారు. అమ్మలేదు, నూనె రాసి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను.